చెరిపిన ఫైలు చెరిగిపోయినట్టేనా?

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అక్కరలేని ఫైళ్ళను తీసివేయడం ఎలా, తీసివేసినవి మరొకరి కంటపడకుండా చూసుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. ఈ రెండూ ఒకే పని అనుకుని చాలామంది పొరబడుతున్నారు కనుక ఈ సంచికలో వేరే ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: కావలి బస్టాండు దగ్గర జిరాక్సు షాపు, నెట్ సెంటరు నడుపుతున్నాను. ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు, హాల్ టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జనం నా వాట్సాప్‌కు పంపిస్తారు. నేను కంప్యూటర్‌లోకి దించి ప్రింటు తీసి ఇస్తాను. రాత్రి షాపు కట్టేసే ముందు అన్నీ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాను. మొన్న కంప్యూటర్ బాగు చేయడానికి వచ్చిన కుర్రవాడు ఏదో సాఫ్ట్‌వేర్ నడిపి, రెండు నెలల కిందట నేను తీసేసిన ఆధార్ కాపీలను తెర మీదికి తెప్పించాడు. నాకు చెమటలు పట్టాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే ఇవి నిజంగా పోతాయి?

సమాధానం: ఆ కుర్రవాడు చేసినది గారడీ ఏమీ కాదు, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా చేయగల పని. ఫైలును డిలీట్ చేసినప్పుడు కంప్యూటర్ ఆ ఫైలును తుడిచివేయదు. ఏ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉన్నదో విండోస్ ఒక పట్టికలో రాసుకుంటుంది; రీసైకిల్ బిన్ ఖాళీ చేయగానే ఆ పట్టికలో ఈ జాగా ఇక ఎవరికైనా ఇవ్వవచ్చునని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. అడంగల్‌లో రైతు పేరు కొట్టివేసి, సర్వే నంబరు ఎదుట ఖాళీ అని రాసినట్టన్న మాట. చేలో పైరు అలాగే నిలిచి ఉంటుంది. ఇంకొకరు వచ్చి దున్ని, మరో పైరు వేస్తే తప్ప పాతది పోదు. మీ డిస్కులో ఖాళీ జాగా ఎంత ఎక్కువగా ఉంటే, పాత ఆధార్ కాపీలు అన్నాళ్ళు చెక్కుచెదరకుండా పడి ఉంటాయి. 1995లో విండోస్ 95తో వచ్చిన రీసైకిల్ బిన్, పొరపాటున తీసేసినవాటిని తిరిగి తెచ్చుకునేందుకు పెట్టిన బుట్టే కాని, రహస్యాలను నాశనం చేసే యంత్రం ఎన్నడూ కాదు. షిఫ్ట్ మీట నొక్కి డిలీట్ చేసినా బుట్టలోకి వెళ్ళకుండా తప్పించుకుంటుందే గాని, చేలో పైరు మాత్రం అక్కడే ఉంటుంది.

కనుక మీకు కావలసినది దున్నే సాఫ్ట్‌వేర్, అంటే పాత సమాచారం ఉన్న చోట వేరే అంకెలు రాసి దానిని చెరిపివేసేది. ఇరేజర్, బ్లీచ్‌బిట్ అనే రెండూ ఉచితమైనవి, వాటి మూల కోడ్‌ను ఎవరైనా చూసుకోవచ్చు. ఇరేజర్‌ను స్థాపించిన తరువాత ఫైలు మీద కుడి మీట నొక్కితే దానిని తుడిచివేసే ఆదేశం అక్కడే కనిపిస్తుంది. ఇప్పటికే డిలీట్ చేసినవాటి కోసం, ఖాళీ జాగా మొత్తాన్ని ఒకసారి తుడిచే సదుపాయం రెండింటిలోనూ ఉంది. ఏదీ స్థాపించడం ఇష్టం లేకపోతే విండోస్‌లోనే సైఫర్ అనే ఆదేశం ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో సైఫర్ (cipher) అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత (/), డబ్ల్యూ అక్షరం, కోలన్, ఆపైన డ్రైవు అక్షరం, మళ్ళీ కోలన్ కొడితే, ఆ డ్రైవులోని ఖాళీ జాగాను మొదట సున్నాలతో, తరువాత మరో స్థిర విలువతో, చివరికి ఏ వరుసా లేని అంకెలతో మూడు విడతలు నింపుతుంది. పెద్ద డిస్కుకు గంటల కొద్దీ పడుతుంది కనుక మిగిలిన ప్రోగ్రాములు మూసివేసి, రాత్రి షాపు కట్టేటప్పుడు మొదలుపెట్టి వెళ్ళండి.

కొన్ని సాఫ్ట్‌వేర్లు మూడు సార్లు, ఏడు సార్లు, ముప్పై అయిదు సార్లు తుడవమంటారా అని అడుగుతాయి. ముప్పై అయిదు అన్న సంఖ్య 1996లో పీటర్ గట్‌మన్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆ కాలపు రకరకాల డిస్కులన్నిటికీ కలిపి ఆయన అన్ని విడతలు సూచించారు. ఇప్పటి డిస్కులకు అవన్నీ నడపడం అర్థం లేని పని అని తరువాత ఆయనే రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాలు కూడా, తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కుకు ఒక్కసారి పూర్తిగా పైన రాస్తే చాలుననే చెప్పాయి. ముప్పై అయిదు విడతలు పెట్టి కరెంటు ఖర్చు చేసుకోకండి. అయితే ఇదంతా పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కుకే వర్తిస్తుంది. మీది ఏ రకమో తెలియాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే పలక తెరవండి. డిస్కు పేరు దగ్గర హెచ్‌డీడీ (పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కు) అనో ఎస్ఎస్‌డీ (పళ్ళెం లేకుండా చిప్పులలో దాచే డిస్కు) అనో ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే దాని కథ వేరు, చీమకుర్తి పాఠకునికి ఇచ్చిన సమాధానం చూడండి.

ఇంతకంటే ముఖ్యమైనది, మీరు అడగనిది ఒకటి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఎంత శుభ్రంగా తుడిచినా, అదే ఆధార్ కాపీ మీ షాపు ఫోనులోని వాట్సాప్ సంభాషణలో కూర్చుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో సందేశాలు తమంతట తామే మాయమయ్యే గడువును ఇరవై నాలుగు గంటలుగా పెట్టుకుంటే, అక్కడి నుంచి మొదలయ్యే కొత్త సంభాషణలకు అది వర్తిస్తుంది. కంప్యూటర్‌లోకి దించుకున్న కాపీని మాత్రం మీరే చెరపాలి. ప్రింటరు గుణాలలో ప్రింటయిన పత్రాలను అట్టేపెట్టు అనే అర్థం వచ్చే పెట్టె ఒకటి ఉంటుంది, దానిలో టిక్కు ఉంటే తీసివేయండి. లేకపోతే తీసిన ప్రతి ప్రింటుకూ ఒక నకలు విండోస్ దాచిపెడుతూ ఉంటుంది. ఖాతాదారులు తమ మెయిల్‌ను మీ కంప్యూటర్‌లో తెరిచేటట్లయితే బ్రౌజరులో గెస్ట్ విండో తెరిచి ఇవ్వండి, మూయగానే ఆ లాగిన్ పోతుంది. పెద్ద జిరాక్సు యంత్రాలలో కొన్నింటికి లోపల సొంత హార్డ్ డిస్కు ఉంటుందన్న సంగతి షాపులవాళ్ళలో చాలామందికి తెలియదు. 2010లో అమెరికాలో సీబీఎస్ టీవీ వారు నాలుగు పాత కాపియర్లు కొని చూస్తే వాటిలో ఒకదానిలో రోగుల వైద్య వివరాలు బయటపడ్డాయి. ఆ యంత్రాన్ని అంతకు ముందు అద్దెకు వాడిన ఆరోగ్య బీమా సంస్థ 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించి ఆ వ్యవహారం నుంచి బయటపడింది. మీ యంత్రాన్ని మార్చేటప్పుడు డిస్కు ఉన్నదా, దానిని తుడిచే ఆదేశం మెనూలో ఉన్నదా అని సర్వీసు మనిషిని అడిగి, మీ కళ్ళ ముందే చేయించుకోండి.

ఇంకొక్క మాట. ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడే మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. అడిగినచోట అది చాలుననుకుంటే ఖాతాదారునికి అదే తీసి ఇవ్వండి. ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు; పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే వచ్చేదే ఆ పాస్‌వర్డ్, ఆ రెండూ ఊళ్ళో ఎవరికి తెలియవు? పని అయిపోయిన తరువాత వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ ఉన్న సూత్రమే. చట్టం సంగతి అలా ఉంచినా, మీకు చెమటలు పట్టాయన్నారే, ఆ భయం మంచిదే.

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెం నుంచి రాస్తున్నాను. మా ఇంటి కంప్యూటర్ నెమ్మదించింది. ఏదో వెబ్‌సైట్ చూస్తుండగా మీ కంప్యూటర్‌లో రెండువేలకు పైగా లోపాలు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. ఆ క్లీనర్ దించుకుంటే ముందు ఉచితమని, తరువాత డబ్బు కట్టమంటున్నది. కట్టమంటారా?

సమాధానం: కట్టవద్దమ్మా. ఒక వెబ్ పేజీ మీ కంప్యూటర్‌లోకి తొంగిచూసి లోపాలు లెక్కపెట్టలేదు. ఆ సంఖ్య మిమ్మల్ని భయపెట్టడానికి ముందే రాసి పెట్టుకున్నది. దించుకున్న తరువాత వచ్చే లెక్కలో కూడా ప్రతి తాత్కాలిక ఫైలునూ, వెబ్‌సైట్లు వదిలే చిన్న గుర్తులైన ప్రతి కుకీనీ, రిజిస్ట్రీలోని ప్రతి చిన్న పాత నమోదునూ ఒక్కొక్క లోపంగా కలిపేస్తారు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన అమరికలన్నీ రాసుకునే ఖాతా పుస్తకం. అందులో కొన్ని పాత పద్దులు మిగిలినంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు, కాని తెలియక ఒక అవసరమైన పద్దును చింపితే ఏకంగా లేవకపోవచ్చు. రిజిస్ట్రీని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ సంస్థే చెప్పింది.

పేరున్న క్లీనర్ల విషయంలోనూ కొంచెం ఆచితూచి అడుగు వేయాలి. సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ లోకమంతా వాడినది, ఒకప్పుడు నేనూ పది మందికి చెప్పినదే. 2017లో దుండగులు దానిని తయారు చేసే చోటికే చొరబడి, అధికారికంగా విడుదలైన ఒక వెర్షన్‌లో తమ కోడ్ కలిపారు. దాదాపు ఇరవై రెండున్నర లక్షల కంప్యూటర్లలో అది చేరిన తరువాత, ఆ సెప్టెంబరులో సంగతి బయటపడింది. వెంటనే కొత్త వెర్షన్ ఇచ్చి సరిచేశారు. నేడు అది వాడకూడదని నేను అనడం లేదు. కంప్యూటర్‌లోని మూలమూలకూ వెళ్ళి ఫైళ్ళు తీసే అధికారాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌కు ఇస్తున్నామంటే ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టే. అటువంటివి ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది.

మీ పనికి విండోస్‌లో ఉన్నదే చాలు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. ఏది ఎంత జాగా తింటున్నదో పట్టీలుగా కనిపిస్తుంది. స్టోరేజ్ సెన్స్ అనే మీటను పెడితే తాత్కాలిక ఫైళ్ళను, బుట్టలో చాలాకాలంగా పడి ఉన్నవాటిని అదే తీసివేస్తూ ఉంటుంది. కాని డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా శుభ్రం చేయమంటారా అన్న చోట మాత్రం వద్దు అనే ఉంచండి; కరెంటు బిల్లు రసీదులు, పిల్లల మార్కుల జాబితాలు అన్నీ మనవాళ్ళు అక్కడే వదిలేస్తారు. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అనే పద్దు కనిపిస్తే అది అనేక జీబీలు ఆక్రమించి ఉంటుంది. కొత్త వెర్షన్‌తో ఇబ్బంది లేదనుకుంటే తీసివేయవచ్చు. ఇదంతా చేసినా వేగం రాకపోతే చెత్త కారణం కాదన్నమాట. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించుకుంటే వచ్చే తేడా ఏ క్లీనర్‌తోనూ రాదు. ఒకవేళ ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చి ఉంటే, లేదా బాగు చేస్తామని ఎవరైనా దూరం నుంచి మీ కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకుని ఉంటే, ఇంటర్నెట్ తీసివేసి బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కంపెనీ ల్యాప్‌టాప్ మార్చి పాతది అమ్మేస్తున్నారు. అందులో ట్యాలీ డేటా, ఎగుమతి ఇన్‌వాయిస్‌లు, జీతాల పట్టీలు ఉన్నాయి. ఎస్ఎస్‌డీ డిస్కు. ఫార్మాట్ చేసి ఇస్తే సరిపోతుందా?

సమాధానం: చెరపడం తరువాతి మాట, ముందు దాచవలసినవి దాచారా? జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలి. మీది కంపెనీగా రిజిస్టరయి ఉంటే కంపెనీల చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. ట్యాలీ బ్యాకప్‌ను వేరే డిస్కులోకి తీసుకుని, దానిని కొత్త కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి, నిల్వలు సరిపోయాయని చూసుకున్న తరువాతే పాతదాని మీద చెయ్యి వేయండి. బ్యాకప్ తీశాను అనుకోవడం వేరు, తెరిచి చూడడం వేరు.

ఇక డిస్కు సంగతి. క్విక్ ఫార్మాట్ అడంగల్‌ను చింపివేసి కొత్త పుస్తకం పెట్టడం వంటిది, చేలన్నీ అలాగే ఉంటాయి. విస్టా నాటి నుంచి విండోస్‌లో పూర్తి ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాస్తుంది కనుక పళ్ళెం ఉన్న డిస్కుకైతే అది మేలే. ఎస్ఎస్‌డీలో చిక్కేమిటంటే, ఒకే చోట పదేపదే రాస్తే ఆ చోటు అరిగిపోతుంది కనుక రాతలన్నిటినీ అన్ని చోట్లకూ సమంగా పంచే ఏర్పాటు దాని లోపల ఉంటుంది. ఫలానా చేను దున్నమని మీరు చెబితే, ట్రాక్టరు అతను దానిని వదిలి పక్క చేను దున్ని, నంబరు పలకలు మార్చి, దున్నేశాను అని చెప్పినట్టు జరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు 2011లో కొన్ని ఎస్ఎస్‌డీలను విప్పి, లోపలి చిప్పులను నేరుగా చదివి చూసినప్పుడు, హార్డ్ డిస్కుల కోసం తయారైన ఒక్కొక్క ఫైలును తుడిచే పద్ధతులేవీ వాటి మీద నమ్మకంగా పనిచేయలేదని తేలింది. డిలీట్ చేసిన జాగాను విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో డిస్కుకు చెబుతుంది కనుక సాధారణ రికవరీ సాఫ్ట్‌వేర్‌కు ఎస్ఎస్‌డీలో పాత ఫైళ్ళు తరచుగా దొరకవన్నది నిజమే. జీతాల పట్టీల విషయంలో ఆ మాత్రానికి నేను నిశ్చింతగా ఉండను.

అందుచేత ఎస్ఎస్‌డీకి దున్నడం కంటే తాళం వేయడం, అంటే లోపలి సమాచారాన్ని తాళంచెవి లేనిదే చదవలేని అంకెలుగా మార్చడం మేలు. ల్యాప్‌టాప్‌లో విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్‌ను, హోమ్ అయితే సెట్టింగ్స్‌లో కనిపించే డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను పెట్టండి. వాడిన జాగా మాత్రమేనా, మొత్తం డ్రైవునా అని బిట్‌లాకర్ అడుగుతుంది; వాడుకలో ఉన్న కంప్యూటర్ కనుక మొత్తం డ్రైవునే ఎంచుకోండి. అది పూర్తయ్యాక రికవరీ పేజీలో రీసెట్ దిస్ పీసీ నొక్కి, అన్నీ తీసివేయి అన్నది ఎంచుకుని, అమరికలు మార్చే చోట క్లీన్ డేటా అనే మీటను కూడా పెట్టండి. తాళంచెవి పోయిన తరువాత, తాళం పడిన సమాచారం ఏ మూలన మిగిలినా అది అర్థం లేని అంకెల గుట్టే. తాళానికి ముందు రాసినవి ఏ మూలనైనా మిగిలి ఉండవచ్చు కనుక, డిస్కు తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ ఇరేజ్ ఉంటే అది కూడా నడపండి, డిస్కు తనను తానే లోపలి నుంచి ఖాళీ చేసుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు మాత్రం తాళం మొదటి రోజే వేయించండి, అప్పుడు తాళం లేకుండా రాసినదంటూ ఆ డిస్కులో ఏదీ ఉండదు. రికవరీ కీని కాగితం మీద రాసి ఫ్యాక్టరీ బీరువాలో పెట్టుకోవడం మరిచిపోవద్దు. అది పోతే మీ డేటా మీకే దక్కదు.

ప్రశ్న: ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌కాగ్నిటో వాడితే నేను ఏమి చూశానో ఎవరికీ తెలియదు కదా?

సమాధానం: ఇన్‌కాగ్నిటో అంటే చూసిన పేజీల జాబితాను బ్రౌజరు దాచుకోని విండో కనుక, మీ తరువాత అదే కుర్చీలో కూర్చునేవారికి తెలియదు. కాలేజీ నెట్‌వర్క్‌ను చూసేవారికి, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు, మీరు తెరిచిన వెబ్‌సైట్‌కు తెలియడానికి ఏ ఆటంకమూ లేదు. ఇన్‌కాగ్నిటోలో కూడా సమాచారం సేకరించారన్న దావాలో గూగుల్ 2024లో కోట్ల కొద్దీ రికార్డులను నాశనం చేయడానికి ఒప్పుకున్నది. దించుకున్న ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: కోవూరు. పాత కంప్యూటర్ అసలు లేవడమే లేదు. పాత సామాన్ల బండికి వేసేద్దామంటున్నారు ఇంట్లో. డిస్కు పాడైంది కనుక భయం లేదు కదా?

సమాధానం: కంప్యూటర్ లేవకపోతే డిస్కు పాడైనట్టు కాదు. పోయినది ఎక్కువసార్లు పవర్ సప్లయో మదర్‌బోర్డో అయి ఉంటుంది, డిస్కును విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చక్కగా తెరుచుకుంటుంది. 2000 నుంచి 2002 వరకు అమెరికాలో ఎంఐటీకి చెందిన ఇద్దరు విద్యార్థులు 158 పాత హార్డ్ డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి పన్నెండే. మిగిలినవాటిలో వేల సంఖ్యలో క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. అంత దూరం ఎందుకు, చాలా ఏళ్ళ కిందట నేను కొన్న ఒక సెకండ్‌హ్యాండ్ డిస్కులో ఎవరింటిదో పెళ్ళి చదివింపుల పట్టిక, ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా, బయటపడింది. బండివాడికి ఇచ్చే ముందు డిస్కు విప్పి తీసుకోండి. ఇంకొక కంప్యూటర్‌కు తగిలించి తుడవగలిగితే సరి, లేకపోతే పళ్ళేల గుండా డ్రిల్లింగ్ మిషనుతో నాలుగు రంధ్రాలు వేయించండి. కొన్ని డిస్కులలో పళ్ళేలు గాజువి, ముక్కలు చిట్లుతాయి. కళ్ళకు అద్దాలు పెట్టుకోమనండి.

ప్రశ్న: టంగుటూరు దగ్గర పల్లెటూరు మాది. మా అమ్మాయి ఓణీల ఫంక్షను ఫోటోలున్న కెమెరా కార్డును మా మరిది పొరపాటున ఫార్మాట్ చేశాడు. ఇంట్లో మూడు రోజులుగా ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. వచ్చే మార్గం ఉందా?

సమాధానం: ఉంది. పై ప్రశ్నలలో మేము శాపంగా చెప్పినదే ఇక్కడ మీకు వరం. కెమెరాలో ఫార్మాట్ చేస్తే సాధారణంగా పట్టిక మాత్రమే పోతుంది, పైరు అలాగే ఉంటుంది. కాని ఆ కార్డుతో ఇంకొక్క ఫోటో కూడా తీయవద్దు, తీస్తే అది పాతదాని మీదనే పడవచ్చు. కార్డును కెమెరాలో నుంచి తీసి పక్కన పెట్టండి. దాని అంచున చిన్న తాళం మీట ఉంటే కిందికి జరపండి, అప్పుడు దాని మీద రాయడానికి వీలుండదు. కార్డు రీడరుతో కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనండి. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టికతో పని లేకుండా, కార్డు మొత్తం వెతికి ఫోటోల ఆనవాళ్ళు పట్టి బయటికి తీస్తుంది. దాని తెర పాతకాలపు నల్ల తెర కనుక అలవాటు లేనివారికి రెకువా సులభంగా ఉండవచ్చు. ఏది వాడినా, దొరికిన ఫోటోలను అదే కార్డులోకి కాక కంప్యూటర్‌లోని వేరే ఫోల్డరులోకి దించుకోవాలి. ఫైళ్ళ పాత పేర్లు, వరుస పోతాయి. ముహూర్తం ఫోటో భోజనాల మధ్యలో కనిపించినా కంగారు పడవద్దు. వీడియోలు ముక్కలుగా వచ్చే అవకాశం ఎక్కువ. మీ మరిదితో ఈ పని చేయించండి; కార్డు కెమెరాలో నుంచి తీసేశాడో లేదో ముందు కనుక్కోండి.